పొగాకు కంపెనీ పక్కన పాటల క్లాసు

పోయిన నెల ఒంగోలు నుంచి నెల్లూరు వెళుతుంటే టంగుటూరు టోల్‌గేటు దగ్గర మా కారు ముందు పొగాకు బేళ్ల లారీ ఆగింది. గోనెపట్టాల్లో చుట్టిన ఆ బేళ్ల వాసన కారంతా కమ్ముకుంది. "అమ్మా, అద్దం ఎత్తు, తల తిరుగుతోంది" అన్నాడు మావాడు. నేను ఎత్తలేదు. మా వైపు వాళ్లకి ఆ వాసన తగిలితే ఆకును మంట వేడికి ఆరబెట్టే బ్యారన్ గుర్తొస్తుంది, వేలం గుర్తొస్తుంది, ఆ ఏడాది పలికిన రేటు గుర్తొస్తుంది. నాకు ముందు బీథోవెన్ గుర్తొస్తాడు. తర్వాత మా ఇంగ్లీషు సారు గుర్తొస్తారు, ఆయన శనివారం మధ్యాహ్నాలు గుర్తొస్తాయి.

ఒంగోల్లో మేం చదివిన డిగ్రీ కాలేజీ వెనక గోడకు అవతల పొగాకు గ్రేడింగ్ కంపెనీ ఉండేది. గోడకు ఇవతల, ఒకప్పుడు జువాలజీ ల్యాబుగా వాడి వదిలేసిన పొడుగాటి గది. కప్పలూ పాములూ ఉన్న సీసాలు ఇంకా బీరువాలోనే ఉండేవి. శనివారం ఒంటిపూట కాలేజీ వదిలాక ఆ గదిలో సారు 'ప్రపంచ సంగీతం వినడం' అని ఒక కోర్సు నడిపేవారు. అది యూనివర్సిటీ సిలబస్‌లో లేదు. దానికి మార్కులూ లేవు. చివర్లో ఆయనే సంతకం పెట్టి ఇచ్చే ఒక కాగితం తప్ప ఇంకేమీ రాదు. "పాడటం రానక్కర్లేదు. కూర్చుని వినే ఓపిక ఉంటే చాలు" అని నోటీసు బోర్డులో తన చేత్తోనే రాసి పెట్టారు.

చేరినవాళ్లం తలా ఒక మూల నుంచి వచ్చాం. కొత్తపట్నంలో చేపలు పట్టే పట్టపోళ్ల అబ్బాయి, వేటపాలెంలో మగ్గాల ఇంటి అమ్మాయి, కంభం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి, కరవది అబ్బాయి, చర్చి క్వయర్లో పాడే నా స్నేహితురాలు, టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసే ఆయన కొడుకు, ఇంకా కొందరు. మాది టంగుటూరు పక్క పల్లె. నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. శనివారం సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో రభస అయ్యేది. అయినా మానలేదు.

మొదటి రోజు

మొదటి రోజు సారు టేప్‌రికార్డర్ తెచ్చి బల్లమీద పెట్టారు గానీ నొక్కలేదు. తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, "నాలుగున్నర నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. చెవిన పడిందల్లా రాయండి" అన్నారు.

ఏముంటుంది రాయడానికి అనుకున్నాం. రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. ఐసుబండి అబ్బాయి పెట్టె మూత టపటపా కొట్టడం, గోలీ సోడా కొట్టిన చప్పుడు, రిక్షా గంట, స్టేషన్లో గూడ్సు బండి డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం, సీలింగ్ ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకే చోట కిర్రుమనడం. వీటన్నిటి కింద, అప్పటిదాకా మేమెవరం పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. గోడ అవతల షెడ్డులో ఆకు గ్రేడింగ్ చేస్తూ ఆడవాళ్లు పాడుకుంటున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటోంది, మిగతావాళ్లు అందుకుంటున్నారు. రెండేళ్లుగా ఆ కాలేజీలో చదువుతున్నాను, ఆ పాట నాకు ఆరోజే వినిపించింది.

కాగితాలన్నీ తీసుకున్నాక అప్పుడు చెప్పారు, జాన్ కేజ్ అనే అమెరికన్ ఆయన సంగతి. 1952లో న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ అనే ఊళ్లో డేవిడ్ ట్యూడర్ అనే పియానో విద్వాంసుడు వేదిక మీద కూర్చుని, నాలుగు నిమిషాల ముప్ఫైమూడు సెకండ్లపాటు ఒక్క మెట్టు కూడా నొక్కకుండా లేచిపోయాడట. ఆ కాసేపట్లో సభలో వాళ్లకు ఏం వినిపిస్తే అదే సంగీతమని కేజ్ లెక్క. కంభం అబ్బాయి ఒప్పుకోలేదు. "టిక్కెట్టు కొన్నోళ్ల డబ్బులు వెనక్కిచ్చారా సార్?" అని అడిగాడు. సారు కోప్పడలేదు. "ఆ ప్రశ్న అక్కడ కూర్చున్నవాళ్లకీ వచ్చింది. నీ నోట్సులో రాసుకో" అన్నారు.

ఆ నోట్సు పుస్తకానికి ఆయన పెట్టిన నియమం ఒక్కటే. బాగుందనీ బాగాలేదనీ రాయకూడదు. ఎవరు పాడుతున్నారు, ఎక్కడ, ఏ పని చేస్తూ, ఎవరి కోసం? ముందు ఈ నాలుగూ రాయాలి. తెలియకపోతే ఊహించి రాయాలి, తర్వాత ఆయన చెప్పినదాంతో సరిచూసుకోవాలి. నాకు బాగుంది, నాకు బాగాలేదు అనే మాటలు లేకుండా పాట గురించి ఒక పేజీ రాయడం ఎంత కష్టమో రాస్తేగానీ తెలియదు.

కట్ట కడకట్ట

సారు దగ్గరున్న క్యాసెట్లు ఎక్కడెక్కడివో. మద్రాసులో చదువుకునే రోజుల్లో మూర్ మార్కెట్లో కొన్న పాత రికార్డుల నుంచి ఎక్కించినవి కొన్ని, బ్రిటిష్ కౌన్సిల్, అమెరికన్ లైబ్రరీల్లో స్నేహితుల చేత కాపీ చేయించినవి కొన్ని, రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో పట్టినవి కొన్ని. ఆ రేడియో వాటిలో పాట అలల్లా దగ్గరికొచ్చి దూరం పోయేది, మధ్యలో ఏదో దేశం వార్తలు దూరేవి. టేపు చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పే పని నాది.

కరెంటు పోతే నిప్పో సెల్లులు వేసేవాళ్లం. సెల్లు నీరసపడితే టేపు నెమ్మదించి పాట శ్రుతి దిగిపోయేది. మేం నవ్వుతుంటే సారు దాన్నీ పాఠం చేశారు. "దిగింది శ్రుతే. స్వరానికీ స్వరానికీ మధ్య దూరం మారలేదు. అందుకే అది ఇంకా అదే పాట అని మీకు తెలుస్తోంది" అన్నారు. శ్రుతి అంటే ఏమిటో నాకు అర్థమైంది సెల్లులు అయిపోయిన ఆరోజే.

బీథోవెన్ ఐదో సింఫనీ క్లాసు బాగా గుర్తు. 1808 డిసెంబర్లో వియన్నాలో పెద్ద వాద్యబృందం మొదటిసారి వాయించిన సంగీతం అది. అప్పటికే ఆయనకు వినికిడి పోతూ ఉంది. టేపు వేసే ముందు సారు మొదటి నాలుగు స్వరాలూ, వాటి వెంటే వచ్చే నాలుగూ మన పద్ధతిలో పాడి చూపించారు. ప ప ప గా, మ మ మ రీ. "అంతే. ఈ చిన్న ముక్కనే మొదటి భాగమంతా మారుస్తూ, పేరుస్తూ పోతాడు. ఎక్కడెక్కడ వచ్చిందో గీతలు పెట్టండి." పేజీ నిండా గీతలు పడ్డాయి. టెలిగ్రాఫ్ ఆఫీసు ఆయన కొడుకు మాత్రం గీతలు పెట్టడం ఆపేసి, వేలితో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. "సార్, ఇది 'వి' అక్షరం. మూడు పొట్టి కట్ట, ఒక పొడుగు కడ. మా నాన్న ఇంట్లో కూడా కొడుతుంటాడు."

సారు మొహం వెలిగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో విజయానికి, అంటే విక్టరీకి గుర్తుగా, టెలిగ్రాఫ్‌లో వాడే మోర్స్ కోడులోని 'వి' అక్షరం కోసం బీబీసీ ఈ నాలుగు స్వరాలనే వాడిన సంగతి ఆయన ఆ తర్వాత చెబుదామనుకున్నారట. జర్మన్ మాట్లాడే ఆయన రాసిన సంగీతాన్నే జర్మనీ మీద యుద్ధంలో వాడుకున్నారు. ఆ వారం మేమంతా ఆ అబ్బాయి వెంట టెలిగ్రాఫ్ ఆఫీసుకు వెళ్లి కిటికీ బయట నిలబడ్డాం. లోపల ఆ యంత్రం కట్ట కడకట్ట అంటూ ఎవరివో చావు కబుర్లు, పెళ్లి కబుర్లు, ఉద్యోగాల ఆర్డర్లు కొడుతూనే ఉంది. 2013లో దేశంలో టెలిగ్రాం సర్వీసే ఆపేశారు. మా పిల్లలకి ఆ చప్పుడు ఎలా చెప్పాలో తెలియదు.

వర్జీనియా

కోర్సు మొత్తంలో నాకు ఎక్కువ మిగిలింది పొగాకు షెడ్డు క్లాసు.

సారు ఆరోజు ప్రశ్నతో మొదలుపెట్టారు. "మీ పొలాల్లో వేసే పొగాకును ఏమంటారు?" వర్జీనియా అన్నాం. "వర్జీనియా ఎక్కడుంది?" ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. పచ్చాకు రెలిచి, కర్రలకు అల్లి, బ్యారన్‌లో ఎక్కించి, రాత్రంతా మంట చూసుకుంటూ పెరిగిన ఇంటిదాన్ని, అది ఒక ఊరి పేరో దేశం పేరో నాకు తెలియదు. అమెరికా తూర్పు తీరంలో ఒక రాష్ట్రమనీ, ఇంగ్లీషువాళ్లు అక్కడ పదిహేడో శతాబ్దం మొదట్లో పొగాకు వేశారనీ, 1619లో ఆఫ్రికా నుంచి చెరపట్టి తెచ్చిన మనుషులు మొదట దిగింది ఆ తీరంలోనేననీ, తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా ఆ తోటల్లో వాళ్లూ వాళ్ల పిల్లలూ బానిసలుగా పనిచేశారనీ చెప్పారు. ఆ రకం పొగాకు మన గుంటూరు వైపు 1920లలో వచ్చి, అక్కణ్నుంచి మన పొలాల దాకా దిగింది. "మొక్క మీ దగ్గరికొచ్చింది. దాన్ని పండించినవాళ్ల పాట ఇన్నాళ్లూ రాలేదు. ఇవాళ విందాం" అన్నారు.

క్యాసెట్ వేసే ముందు ఆయన లేచి గోడ అవతలికి వెళ్లారు. కంపెనీ మేస్త్రీని బతిమాలారో ఏమో, కాసేపటికి వచ్చి మమ్మల్నందర్నీ తీసుకెళ్లారు. రేకుల షెడ్డు, లోపల ఎండిన ఆకు గుట్టలు, ముక్కుకు గుడ్డలు కట్టుకుని బారుగా కూర్చున్న ఆడవాళ్లు. వాళ్ల వేళ్లు ఆకును చూడకుండానే చూస్తున్నాయి. ఆకు చేతిలో పడగానే రంగు, మందం, మచ్చ పసిగట్టి ఏ గుట్టలో పడాలో ఆ గుట్టలో వేసేస్తున్నాయి. వాళ్లలో మా ఊరి ఆమె ఒకావిడ ఉంది, నన్ను చూసి తల దించుకుంది. నేను వెళ్లి ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాను.

"మా పాటలేంది సారూ, వాటికి క్లాసేంది" అని నవ్వారు. కాసేపు బిడియపడి, మేస్త్రీ అటు వెళ్లాక పాడారు. పాట ఎత్తుకునే ఆమె పెద్దావిడ, గొంతులో జీర. ఆమె ఒక చరణం అంటే తక్కినవాళ్లు పల్లవితో అందుకునేవాళ్లు. వాళ్లు అందుకునే లోపల ఆమె ఊపిరి పీల్చుకుని తర్వాతి మాట వెతుక్కునేది. మరిది మీద ఒక చరణం, మేస్త్రీ మీద ఒకటి, సారు చొక్కా మీద ఒకటి అప్పటికప్పుడు కట్టేసింది. షెడ్డంతా గొల్లుమంది.

తర్వాత సారు టేపు పెట్టారు. 1947లో మిసిసిపీ రాష్ట్రంలో పార్చ్‌మన్ అనే జైలు పొలంలో జనం పాటలు సేకరించే అలన్ లోమాక్స్ రికార్డు చేసిన ఖైదీల పాటలవి. నల్లజాతి మగవాళ్లు. ఒకడు అంటున్నాడు, గుంపు అందుకుంటోంది, మధ్య మధ్య ధబ్బుమని ఏదో పడుతోంది. మేం నోట్సుల్లో డప్పు అని రాసుకున్నాం. ఆ పెద్దావిడ ఆకు పక్కన పెట్టి చెవి దగ్గరికి తెచ్చి విని, "ఇది డప్పు గాదు సారూ, పార దెబ్బ. వీళ్లు నేల తవ్వతా పాడతా ఉండారు. ముందు పాడేవాడికి వయసు మళ్లింది. వాడు ఆగితే వీళ్ల పని ఆగిద్ది, అందుకే ఆగడు" అంది.

ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మనిషి. మా నోట్సులోని నాలుగు ప్రశ్నలకూ ఒక్క గుక్కలో జవాబు చెప్పేసింది. సారు టేపు ఆపి ఆమెకు దణ్ణం పెట్టారు. నిజంగానే పెట్టారు, రెండు చేతులూ జోడించి.

ఆ తర్వాత రెండు మూడు వారాలు ఆ దారినే నడిచాం. పొలంలో పాడిన ఆ అరుపులూ అందుకోవడాలూ చర్చిలో పాటలయ్యాయి. బానిసత్వం పోయాక నాష్‌విల్‌లోని ఫిస్క్ అనే నల్లజాతి పిల్లల కాలేజీ డబ్బుల్లేక మూతపడబోతే 1871లో ఆ పిల్లలే జట్టు కట్టి ఊరూరా ఆ పాటలు పాడి కాలేజీని నిలబెట్టుకున్నారు. అదే గొంతు గిటారుతో కలిసి బ్లూస్ అయింది. ఒక మాట చెప్పి, మళ్లీ అదే మాట చెప్పి, మూడోసారి దానికి జవాబు చెప్పే పద్ధతి. అది విన్నాక వేటపాలెం అమ్మాయి అడిగింది, "సార్, ఆ గాంధారం ఎటూ కాకుండా ఊగుతోంది, మన గమకంలాగా?" ఆమె చిన్నప్పుడు నాలుగు గీతాలు నేర్చుకుంది. బ్లూస్‌లో సాధారణ గాంధారానికీ, దాని పై మెట్టు అంతర గాంధారానికీ మధ్యలో స్వరాన్ని వంచుతారని సారు హార్మోనియం మీద చూపించబోయారు. హార్మోనియంలో అది పలకదు. చివరికి ఆయనే పాడి చూపించారు. ఆయన గొంతు బాగుండేది కాదు. ఆ వంపు మాత్రం అర్థమైంది.

ఆల్టో

ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఊరు. 1878లో మిషనరీ క్లౌ దొర గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన సంగతి మా వైపు అన్ని మతాలవాళ్లకూ తెలుసు. ఆ చర్చిల ద్వారా మా జిల్లాకు వచ్చిన వాటిలో నాలుగు గొంతుల పాట ఒకటి. నాకు అదెప్పుడూ తట్టలేదు.

నా స్నేహితురాలు క్వయర్లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది స్థాయి గొంతు పాడేది. ఇంట్లో ఆమె సాధన చేస్తుంటే విని "ఇదేం పాటే, ఉన్నచోటే తిరుగుతోంది" అని నేను అనేదాన్ని. హార్మొనీ పాఠం రోజు సారు ఆమెను ముందు ఒక్కదాన్నే పాడమన్నారు. తర్వాత ఆమె వెంట తెచ్చిన ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకరిని కలవమన్నారు. ఆడవాళ్ల పై గొంతు సోప్రానో వచ్చి కలిసింది, అప్పుడు పాట కనపడింది. మగవాళ్ల పై గొంతు టెనర్ కలిసింది. ఆఖర్న మగవాళ్ల కింది గొంతు బేస్ కలిసేసరికి ఆ ఉన్నచోటే తిరిగే గొంతు తీసేస్తే ఇల్లు కూలిపోతుందనిపించింది. మన సంగీతం ఒకే దారిలో లోతుకు పోతుందనీ, యూరప్‌ది నాలుగు దారులు పక్కపక్కన వేసుకుంటుందనీ సారు చెప్పిన మాట ఆ గదిలో అందరికీ ఒకేసారి ఎక్కింది. నా స్నేహితురాలు ఆరోజు ఎంత పొంగిపోయిందో! అప్పటిదాకా ఆమె చర్చిలో పాడుతుందని క్లాసులో ఎవరూ అడిగి తెలుసుకున్నది కూడా లేదు.

మూడు రోకళ్లు

ఎవరింట్లోదైనా ఒక చప్పుడు తెమ్మని సారు ఒకసారి టేప్‌రికార్డర్ వంతులవారీగా మాకే ఇచ్చి పంపారు. నా వంతు వచ్చిన ఆదివారం మా నాయనమ్మ, పక్కింటి ఇద్దరు అత్తలు కలిసి పిండికి బియ్యం దంచుతున్నారు. రైసుమిల్లులు వచ్చి చాలా ఏళ్లయింది, అయినా అరిసెల పిండి మాత్రం రోట్లోనే పడాలని నాయనమ్మ పట్టుదల.

"నీ కాలేజీకి మా దంపుళ్లేందమ్మే" అంటూనే పని ఆపలేదు. ఒకే రోలు, మూడు రోకళ్లు. ఒకటి పైకి లేస్తుంటే ఒకటి మధ్యలో ఉంటుంది, ఒకటి పడుతుంది. ఒక్కరు ఒక్క క్షణం తడబడితే రోకలికి రోకలి తగులుతుంది. నాయనమ్మ సువ్వి సువ్వి అంటూ పాట ఎత్తుకునేది. ఆ పాట నడక రోకళ్ల నడకతో సరిగ్గా కలవదు. రోకళ్లు మూడేసి చొప్పున పడుతుంటే పాట రెండేసి చొప్పున ఊగేది. ముగ్గురూ ఆ రెండు లెక్కలనూ ఒళ్లు అలవాటుతోనే మోసేవాళ్లు. నన్ను ఒకసారి పట్టమన్నారు. పోటు కుదిరితే పాట పోయేది, పాట కుదిరితే పోటు పోయేది.

అది క్లాసులో వేశాక సారు ఘానాలోని ఎవే జాతివాళ్ల వాద్యబృందం టేపు వేశారు. ఇనుప గంట ఒకటి ఒకే వరసను మార్చకుండా కొడుతుంది, తక్కిన డోళ్లన్నీ దాని ఖాళీల్లో తమ దెబ్బలు వేసుకుంటాయి. ఏ ఒక్కరిదీ విడిగా వింటే పూర్తి కాదు. ఆ వెంటనే ఇండోనేషియా గామెలాన్. కంచు పలకలు, కంచు గిన్నెలు, పెద్ద గంటలు. ఒక బృందం వాద్యాలన్నీ ఒకదానికొకటి శ్రుతి చేసి ఉంటాయి. పక్క ఊరి బృందం నుంచి ఒక వాద్యం తెచ్చి కలుపుదామంటే కుదరదు. 1889లో పారిస్ ఎగ్జిబిషన్‌లో దాన్ని విన్న డెబ్యుసీ అనే ఫ్రెంచ్ స్వరకర్త మళ్లీ తన పాత వినికిడికి రాలేకపోయాడట. మాలో సగంమందికి గామెలాన్ తలనొప్పి తెప్పించింది. నాకు మాత్రం పోటు వినే అలవాటు ఉండటం వల్ల ఏ చెయ్యి ఎక్కడ పడుతోందో దొరికింది. వేటపాలెం అమ్మాయికీ దొరికింది. మగ్గం మీద కాలు ఒక లెక్క, చెయ్యి ఒక లెక్క, నాడె ఇంకో లెక్క అని ఆమె లేచి బల్ల మీద కొట్టి చూపించింది.

కరవది, కంభం, కనిగిరి

కరవది అబ్బాయి క్లాసులో పెద్దగా మాట్లాడేవాడు కాదు. సన్నాయి పాఠం వచ్చినప్పుడు మాత్రం అతని ఊరిని దాటి పోవడం కుదరలేదు. షేక్ చినమౌలానా 1924లో పుట్టింది ఆ ఊళ్లోనే. తరతరాలుగా గుళ్లలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. ఆయన తర్వాత శ్రీరంగం వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. సారు ఆరోజు నాదస్వరం తర్వాత వరసగా బిస్మిల్లాఖాన్ షెహనాయి, టర్కీ జుర్నా, చైనా సువోనా వేశారు. అన్నిటికీ నోట్లో పెట్టుకునే పీక రెండు రెల్లు పొరలదే, గొట్టం కిందికి పోనుపోను వెడల్పవుతుంది. అన్నీ పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ వాయించేవే. ఆరుబయట జనం గోలను దాటి వినపడాలంటే అంత గొంతు ఉండాలి మరి.

కంభం అబ్బాయి తన వంతు వదులుకోలేదు. త్యాగరాజస్వామి పూర్వీకులది కంభం దగ్గర కాకర్ల గ్రామమనీ, అందుకే ఇంటిపేరు కాకర్ల అనీ, శ్యామశాస్త్రి పెద్దలదీ కంభం ప్రాంతమేననీ బోర్డు మీద రాసి మరీ చెప్పాడు. "పుట్టింది తిరువారూరులో గదరా" అని ఎవరో అంటే ఆ గంట అదే వాదనతో సరిపోయింది. సారు మధ్యలో దీక్షితార్‌ను తెచ్చి ఆపారు. ముత్తుస్వామి దీక్షితార్ మద్రాసు కోటలో ఇంగ్లీషు బ్యాండు విని ఆ బాణీలకు సంస్కృతం రాశారు. ఇంగ్లండు రాజుగారి జాతీయగీతం బాణీలో 'సంతతం పాహిమాం' ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి వయొలిన్ నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. మనదీ పరాయిదీ అని గిరి గీయడం ఎంత కష్టమో ఆ గంటలో తేలింది.

కనిగిరి వైపు కొమ్మువారి కథ గురించి చెప్పకపోతే నాకు తోచదు. గొల్లల ఇళ్లలో కాటమరాజు కథ చెప్పేవాళ్లు వాళ్లు. కరువు వచ్చి ఆవుల మందలతో నెల్లూరు సీమ బీళ్లలోకి రావడం, మేతకు కట్టే పుల్లరి మీద నెల్లూరు రాజు నల్లసిద్ధితో తగువు, ఆయన సేనాని ఖడ్గతిక్కన యుద్ధం. రాత్రిళ్లు కొమ్ము ఊదుతూ చెబుతుంటే పిల్లలం గోనెపట్టాల మీద పడి నిద్రపోయి, కొమ్ము ఊదగానే మళ్లీ లేచేవాళ్లం. సారు దానికి జతగా మాలి దేశంలో తరతరాలుగా కథలు పాడే గ్రియోల పాట వేశారు. సగం సొరబుర్రకు తోలు బిగించి ఇరవై ఒక్క తీగలు కట్టిన కోరా అనే వాద్యం మీద సుందియాతా అనే రాజు కథ తండ్రి నుంచి కొడుక్కి అప్పజెబుతూ వస్తున్నారు. సుందియాతాది పదమూడో శతాబ్దం. మన కాటమరాజు కథా ఆ కాలానిదే. రెండు చోట్లా పుస్తకం కంటే ముందు మనిషే కథను మోశాడు.

ఆఖరి వారం

కోర్సు ఆఖరి రోజు పరీక్ష లేదు. 1977లో అమెరికావాళ్లు రెండు వాయేజర్ నౌకల్ని అంతరిక్షంలోకి పంపుతూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒకటి పెట్టారు. ఇరవై ఏడు సంగీతపు ముక్కలు, దాదాపు గంటన్నర. అందులో బీథోవెన్ ఐదో సింఫనీ మొదటి భాగం ఉంది, జావా గామెలాన్ ఉంది, బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే గుడ్డి నల్లజాతి గాయకుడు మాటలు లేకుండా మూలిగిన పాట ఉంది, మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి రాగం ఉంది. ఇవన్నీ చెప్పి సారు అడిగారు. "ప్రకాశం జిల్లా నుంచి ఒక్కటే పంపాలంటే ఏది?"

కొత్తపట్నం అబ్బాయి హైలెస్సా అంటూ వల లాగే పాట అన్నాడు. వేటపాలెం అమ్మాయి వీధంతా మగ్గాలు ఒకేసారి నడిచే మధ్యాహ్నం అంది. కంభం అబ్బాయి త్యాగరాజు అంటాడనుకున్నాం. కంభం చెరువు తూము తీసినప్పుడు నీళ్ల చప్పుడు అన్నాడు. నేను మూడు రోకళ్లు రాశాను. సారుది అడిగితే కిటికీ వైపు చూపించారు. గ్రేడింగ్ షెడ్డులో పెద్దావిడ పాడుతోంది.

ఆ కోర్సు మా తర్వాత ఎక్కువ కాలం నడవలేదు. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు నేర్పకుండా ఈ పాటలేమిటని పైవాళ్లు అన్నారని విన్నాం. సారు పోయి కూడా చాలాకాలమైంది. షెడ్డు స్థానంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. నాయనమ్మ రోలు గొడ్ల కుడితి తొట్టిగా కొన్నాళ్లుండి, ఇల్లు కట్టినప్పుడు ఎటు పోయిందో. ఆరోజు మేం రికార్డు చేసిన క్యాసెట్లలో బూజు పట్టకుండా మిగిలింది నాకు తెలిసినంతలో ఏదీ లేదు.

అందుకే కొత్తపట్నం స్నేహితుడూ నేనూ కొంతకాలంగా వీలైనప్పుడల్లా ఊళ్లకు వెళ్లి పెద్దవాళ్ల చేత పాడించుకుని ఫోన్లో ఎక్కిస్తున్నాం. నాట్లు, కలుపు, దంపుళ్లు, వల, ఆకు గ్రేడింగ్, ఏ పాటైనా సరే. మీ ఇంట్లో అలాంటి పాట వచ్చినవాళ్లుంటే ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడు కూర్చోబెట్టి పాడించండి. మాట మర్చిపోయి ఆగినా, దగ్గొచ్చినా రికార్డింగ్ ఆపకండి. వీలైతే ఆ పని చేస్తూ పాడమనండి, చేతులు కదిలితే మర్చిపోయిన చరణాలు వాటంతటవే వస్తున్నాయి, మేం చాలాసార్లు చూశాం. పాట అయ్యాక పాడినవాళ్ల పేరు, ఊరు, ఏ పనిలో పాడేవారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించి అదే రికార్డింగ్‌లో ఉంచండి.